నమూనా ఫారం

ఆ చలికాలం నా మీద నలభై ఒక్క ఫిర్యాదులు పడ్డాయి. నలభై ఒక్కటీ నేను తయారుచేసిన ఫారం మీదే, నా జిరాక్స్ మిషన్‌లోంచి వచ్చిన కాగితాల మీదే. నా మిషన్‌కి ఎడమ అంచున సన్నటి నల్లగీత పడే జబ్బుంది. ఠాణాలో ఆ కట్ట చూడగానే ముందు గీతని గుర్తుపట్టాను. పేరు తర్వాత చదివాను.

నాంపల్లి కోర్టుల వెనక గల్లీలో నాది రేకుల డబ్బా. ఒక కంప్యూటరు, ఒక జిరాక్స్ మిషన్, వచ్చినవాళ్ళు కూర్చోడానికి ఒక స్టూలు. అర్జీలు, అఫిడవిట్లు, కిరాయి అగ్రిమెంట్లు టైపు చేస్తాను. చదివింది ఏడో తరగతి. మిగతా చదువు ముప్పై ఏళ్ళుగా ఊరివాళ్ళ తగాదాలు టైపు కొట్టి కొంత, ఆదివారాలు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద కొన్న పాత చట్టాల పుస్తకాలు చదివి కొంత. డబ్బా ముందు ఒక నల్లబోర్డు ఉంటుంది. రోజూ పొద్దున్నే దానిమీద ఒక వాక్యం రాస్తాను. తవ్విన రోడ్డు పూడ్చని ఇంజనీరు మీద, మూడు నెలలకో కండువా మార్చేవాడి మీద, బిర్యానీకి ఓటేసి ఐదేళ్ళు ఏడ్చేవాడి మీద. పద్దెనిమిదేళ్ళలో ఒక్క పనిరోజు మానలేదు. ప్లీడర్లు, ఆటోవాళ్ళు, వాయిదాకొచ్చినవాళ్ళు ఆగి చదువుతారు. కొందరు నవ్వుతారు. కొందరు ఈ నాగవల్లికి వేరే పని లేదా అంటారు. లేదు. ఇదే పని.

పక్క డబ్బా ఎర్నెస్ట్‌ది. రబ్బరు స్టాంపులు చేస్తాడు. తాతల కాలంలో మెదక్ నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం. ఈ చుట్టుపక్కల ఏ నోటరీ, ఏ డాక్టరు, ఏ సొసైటీ కార్యదర్శి ముద్ర కొట్టినా అది ఎర్నెస్ట్ చేతిపనే అనుకోవచ్చు. మధ్యాహ్నం ఒంటిగంటకి అతని భార్య ఎమిలీ టిఫిన్ డబ్బా తెస్తుంది. నా స్టూలు లాక్కుని కూర్చుంటుంది. బోర్డు చదివి ఒక మాట అంటుంది. ఆ మాట కోసం నేను పొద్దున్నుంచీ ఎదురుచూస్తాను, ఈ సంగతి ఆమెకి ఎప్పుడూ చెప్పలేదు.

జనవరిలో మున్సిపల్ ఎన్నికల హడావిడి మొదలైంది. ఒకపక్క నుమాయిష్ ఎగ్జిబిషన్ జనం, ఇంకోపక్క జెండాల జీపులు. మా వార్డులో బాలమల్లు నిలబడ్డాడు. మూడో ఎన్నిక, మూడో పార్టీ. గెలుస్తానన్న నమ్మకం అతనికి ఎంతంటే, ఓట్లు పడకముందే 'కార్పొరేటర్' అని స్టాంపు ఎర్నెస్ట్‌కి పురమాయిస్తాడు. రెండు ఎన్నికల స్టాంపులు ఇంకా ఎర్నెస్ట్ సొరుగులోనే ఉన్నాయి.

ఒక సాయంత్రం మా గల్లీ మొగలో జీపు ఆపి మైకు పట్టుకున్నాడు.

"గీ గల్లీల జర సూడున్రి. ఒకదిక్కు బియ్యం బస్తాకి దేవుణ్ణి అమ్ముకున్నోళ్ళు. ఇంకోదిక్కు యాడికెళ్ళో మూట నెత్తిన వెట్టుకొనొచ్చి మనకే నీతులు రాసెటోళ్ళు. మనం గెలిచినంక రెండు డబ్బాలు ఖాళీ. ఏమంటరు?"

చప్పట్లు కొట్టారు. కొట్టినవాళ్ళలో పొద్దున మాతో చాయ్ తాగినవాళ్ళూ ఉన్నారు. అది నాకు బాలమల్లు మాటకంటే ఎక్కువ మండింది.

రెండ్రోజుల తర్వాత పొద్దున నేను వెళ్ళేసరికి ఎర్నెస్ట్ షటర్ ముందు కూర్చుని కిరోసిన్ గుడ్డతో రుద్దుతున్నాడు. షటర్ నిండా ఎర్ర పెయింటు. 'బియ్యం బస్తా, ఖాళీ చెయ్.'

"ఎవడురా?" అన్నాను.

"నాకేమెరుక అక్కా. పెయింటే గదా, పోతది." రుద్దుతూనే ఉన్నాడు. "రాసినోనికి చెయ్యి మాత్రం లేదు. గా అక్షరాలు సూడు, కోళ్ళు కెలికినట్టు. స్టాంపులు చేసెటోని షటర్ మీద గిసుంటి రాత రాస్తరా ఎవరన్న?"

నవ్వుతున్నాడు. ఆ రోజు ఒంటిగంటకి ఎమిలీ రాలేదు. మర్నాడూ రాలేదు. మూడోరోజు ఎర్నెస్ట్ ఇంటినుంచే టిఫిన్ డబ్బా పట్టుకుని వచ్చాడు.

సరిగ్గా అప్పుడే ప్రభుత్వం ద్వేష ప్రసంగాల మీద కొత్త బిల్లు తెస్తామంది, జనం అభిప్రాయాలు పంపమంది. నాకు పండగైపోయింది. ఆ సాయంత్రమే ఇంట్లో కూర్చుని, ఇలాంటి మాటల మీద ఠాణాలో ఇచ్చే ఫిర్యాదుకి ఒక ఫారం తయారుచేశాను.

మా ఇల్లు ఆబిడ్స్‌లో పెద్ద పోస్టాఫీసు వెనక, రెండు గదుల కిరాయి పోర్షన్. మా ఆయన శశికిరణ్ రైల్వే గార్డు. ఆ నెలంతా ఇంట్లోకంటే బండిలోనే ఎక్కువ ఉన్నాడు, అందుకే ఈ కథలో కనిపించడు. మా అమ్మాయి హైందవి లా ఆఖరి సంవత్సరం. మా మామగారు రాధాకృష్ణమూర్తి. యాభై ఆరులో రాజధాని కర్నూలు నుంచి ఇక్కడికి మారినప్పుడు, సెక్రటేరియట్ గుమాస్తా అయిన వాళ్ళ నాన్న వెంట తొమ్మిదేళ్ళ పిల్లాడిగా వచ్చాడు. తర్వాత ఆయనా అదే సెక్రటేరియట్‌లో చేరి, సెక్షన్ ఆఫీసరుగా రిటైరయ్యాడు. మనిషి మంచివాడు, ఒక్కటే జబ్బు: ఖాళీ గళ్ళున్న కాగితం కనిపిస్తే నింపకుండా ఉండలేడు. పాలప్యాకెట్ల కంపెనీవాళ్ళ అభిప్రాయ పత్రం కూడా మూడు రంగుల్లో నింపి పంపినవాడు. నా బోర్డు గురించి మాత్రం పద్దెనిమిదేళ్ళలో ఒక్క మాట అనలేదు. రోజూ వాకింగ్‌లో దాని ముందునుంచే వెళ్తాడని ఎర్నెస్ట్ చెప్పేవాడు.

ఫారంలో గళ్ళు ఇవి: ఫిర్యాదుదారు పేరు, వృత్తి, ఎవరి మీద, ఏ తేదీన, ఏ మాటలు, ఏ మనోభావం గాయపడింది, కోరే చర్య, సంతకం. మనోభావం దగ్గర ఎవరికీ లోటు రాకూడదని 'మతం, కులం, ప్రాంతం, భాష, వృత్తి మొదలగునవి' అని రాశాను.

హైందవి తల పట్టుకుంది. "అమ్మా, ఆ మొదలగునవి తీసెయ్."

"ఎందుకు తియ్యాలి? ఎవరికి ఏ దెబ్బ తగిలిందో నీకు తెలుసా?"

"దెబ్బ వేరు, మనోభావం వేరు. ఎర్నెస్ట్ అంకుల్ షటర్ మీద బెదిరింపు రాసిన్రు. అది దెబ్బ. దానికి ఇప్పుడున్న సెక్షన్లు చాలు, పట్టుకుంటే. నువ్వేమో ఊరందరి మనోభావాలకీ తలుపు తీస్తున్నవ్. ఈ ఫారం బాలమల్లుకి కూడా పనికొస్తది."

"బాలమల్లుకి చదవడం వస్తే కదా."

"నాయకుల మీద పైసా నమ్మకం లేదంటవ్. ఆ నాయకులు రాసే చట్టం మీద గింత నమ్మకమేంది నీకు?"

"నాయకుడు ఐదేళ్ళకి పోతాడు. అచ్చయిన అక్షరం పోదు. నువ్వు కాలేజీలో చదివి చెప్తున్నావు, నేను టైపు కొట్టి చెప్తున్నాను."

అది జవాబు కాదని నాకు తెలుసు. అయినా గొంతు పెద్దది నాదే, కాబట్టి నేనే గెలిచాను.

మామగారు కళ్ళజోడు సవరించుకుని ఫారం చేతిలోకి తీసుకున్నాడు. "నమూనా ఏదమ్మా?" అన్నాడు.

మా వ్యాపారంలో అదొక పద్ధతి. ఏ ఫారం అమ్మినా, ఊరకే పంచినా, నింపిన కాపీ ఒకటి దారానికి క్లిప్పుతో వేలాడదీయాలి. జనం దాన్ని చూసి రాసుకుంటారు. లేకపోతే గడిగడికీ మనల్నే అడుగుతారు.

"మీరే నింపండి మామయ్యగారూ. ఏదో ఒక ఎల్లయ్య, పుల్లయ్య పేర్లు రాయండి."

"లేని మనుషుల పేర్లు రాయకూడదు. అధికారికి ఇచ్చే కాగితంలో అబద్ధం రాయడం నేరం."

"సరే, మీ ఇష్టం."

మర్నాడు పొద్దున ముత్యాల్లాంటి చేతిరాతతో నింపి, సంతకం పెట్టి ఇచ్చాడు. "ఒకసారి చదువుకో" అన్నాడు.

"మీ రాతకి తిరుగేముంది" అంటూ సంచీలో పెట్టుకుని పరిగెత్తాను. టైపు కొట్టేవాళ్ళకి ఒక రోగం ఉంటుంది. పొద్దస్తమానం ఎవరివో కాగితాలు చూస్తాం, కాబట్టి ఇంట్లోవాళ్ళది చూడం. దారానికి క్లిప్పు పెట్టి వేలాడదీశాను.

ఇక చూడండి. పది రోజులు మా డబ్బా ముందు జాతర. జనానికి బాలమల్లు మనుషులంటే భయం కాబట్టి, ఒక అట్టపెట్టెకి చీలిక పెట్టి టేపు అంటించాను. నింపినది అందులో పడేయండి, మధ్యలో ఎవరూ చదవరు, నేను కూడా చదవను అని మాటిచ్చాను. ఎన్నికల అఫిడవిట్ల కాలం, నాకు తల ఎత్తే తీరిక లేదు. ఎవరు ఏమడిగినా, "దారానికి వేలాడుతోంది, చూసి రాసుకో" అనడమే.

ఇడ్లీ బండి బుజ్జమ్మ వచ్చింది. "నాగవల్లీ, ఉన్నదున్నట్టు రాయాల్నా?"

"ఉన్నదున్నట్టు రాయి."

ఆ మాట తర్వాత చాలాసార్లు గుర్తుచేసుకున్నాను.

ఎర్నెస్ట్ మాత్రం ఫారం ముట్టుకోలేదు.

"నాకొద్దక్కా."

"నీకోసమే కదయ్యా ఇదంతా. భయమా?"

"భయం కాదు. గీ గడి సూడు. ఏ మనోభావం గాయపడింది. నా మనోభావం బాగనే ఉంది. మా తాతకెళ్ళి వింటున్నం గీ బియ్యం మాట. ఎమిలీ గీ తొవ్వల వస్తలేదు. గది ఏ గడిల రాయాలె?"

"మొదలగునవిలో రాయి" అన్నాను విసురుగా.

అతను నవ్వి, బాలమల్లు మూడో స్టాంపుకి రబ్బరు కొయ్యడం మొదలుపెట్టాడు. ఆ పని చేస్తున్నందుకు కూడా తిట్టాను. "ఆర్డర్ ఆర్డరే" అన్నాడు.

పదోరోజు అట్టపెట్టె ఊరేగింపుగా ఠాణాకి మోసుకెళ్ళాను. నా చేత్తో నేనే ఇచ్చాను. పట్టుబట్టి రసీదు కూడా రాయించుకున్నాను. మొత్తం నూట పదిహేడు.

మూడోరోజు సబ్ ఇన్‌స్పెక్టర్ దుర్గేష్ పిలిపించాడు. యువకుడు, మర్యాదస్తుడు, కళ్ళకింద నిద్రలేని ఉబ్బు. బాలమల్లు అప్పటికే అక్కడ కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

"అమ్మా, లెక్క తేలింది" అన్నాడు దుర్గేష్. "డెబ్బై ఆరు ఈయన మీద. నలభై ఒకటి మీ మీద."

"నా మీదనా?"

కట్ట నా ముందుకి తోశాడు. నల్లగీత. దాని పక్కన 'ఎవరి మీద' అన్న గడిలో నా పేరు, ఇంటిపేరుతో సహా. కింద నా బోర్డు మీది వాక్యం. జనవరి రెండున రాసింది. 'నాయకుడికి సిగ్గు లేదు, గుమాస్తాకి వెన్నెముక లేదు, ఓటరుకి జ్ఞాపకం లేదు.' గాయపడిన మనోభావం: వృత్తి. తిప్పాను. ఇంకోటి. అదే వాక్యం. ఇంకోటి.

"ఇంకో ముచ్చట" అన్నాడు దుర్గేష్. "నలభై ఒక్కమంది వృత్తి గూడ ఒక్కటే. రిటైర్డ్ సెక్షన్ ఆఫీసర్. ఆటో నడిపే రాజనర్సు, రిటైర్డ్ సెక్షన్ ఆఫీసర్. చెప్పులు కుట్టే బిచ్చయ్య, రిటైర్డ్ సెక్షన్ ఆఫీసర్. ఇడ్లీ బండి బుజ్జమ్మ గూడ గంతే. పొద్దుగాల్ల గామె దగ్గర ఇడ్లీ తినే వచ్చిన నేను. గామె సెక్రటేరియట్ల ఎప్పుడు చేసింది?"

నాకు అప్పుడర్థమైంది. మామగారు నమూనాలో లేని మనుషుల పేర్లు రాయలేదు. తన పేరే రాసుకున్నాడు. ఎవరి మీద అన్న గడిలో, నిజంగా మాట అన్న మనిషి ఆయనకి తెలిసినవాళ్ళలో ఒక్కతే ఉంది. సొంతంగా రాయడం రానివాళ్ళు, తొందరలో ఉన్నవాళ్ళు దాన్ని ఉన్నదున్నట్టు దించేశారు.

"పదకొండుమందైతే ఫిర్యాదుదారు పేరు గూడ రాధాకృష్ణమూర్తి అనే రాసిన్రు" అన్నాడు దుర్గేష్. "ఆయన ఎవరో గని గంత కోపమేంది మీ మీద?"

"మా మామగారు."

బాలమల్లు కుర్చీలో వెనక్కి వాలి పగలబడి నవ్వాడు. "ఇంట్ల కెళ్ళే మొదలైంది సార్. ఇంగ నేనేం చెప్పాలె? అయినా డెబ్బై ఆరుకి నలభై ఒకటి. లీడింగ్‌ల నేనే ఉన్న." తర్వాత ముఖం గంభీరంగా పెట్టాడు. "సార్, నలభై ఒక్కమంది ప్రజల మనోభావాలు. ఎలక్షన్ కోడ్ నడుస్తుంది. నా మైకు మీద చర్య తీస్కుంటే ఆమె బోర్డు మీద గూడ తీస్కోవాలె. న్యాయం అందరికి ఒక్కటే గదా, నాగవల్లమ్మా? నువ్వే రాస్తుంటవ్ గది."

నిజమే, రాశాను. పోయిన దసరా ముందు.

"అవన్నీ నమూనా చూసి దించినవి సార్" అన్నాను.

"గట్లని మీ ఫారంల యాడ రాసుంది?" అన్నాడు దుర్గేష్. "వెరిఫై చేసెదాంక బోర్డు మా దగ్గరుంటది. అందరు సంతకాలు వెట్టిన్రు. నేనేం జేయాలె చెప్పున్రి."

ఇద్దరు కానిస్టేబుళ్ళు వచ్చి బోర్డు మోసుకెళ్ళారు. సుద్దముక్కలు కూడా. ఠాణా ఆవరణలో, పట్టుబడిన మోటారుసైకిళ్ళ పక్కన గోడకి ఆనించి పెట్టారు. ఎండలో నా వాక్యం సగం చెరిగిపోయి కనిపిస్తోంది. పద్దెనిమిదేళ్ళలో నా డబ్బా ముందు గోడ రంగు ఏమిటో ఆ రోజే చూశాను. పసుపు.

ఇంటికెళ్ళి అరిచాను. ఏం అరిచానో రాయను. హైందవి వంటింట్లో నవ్వు ఆపుకోలేక కుక్కర్ మూత పెట్టుకుంది ముఖానికి. మామగారు మాత్రం అంతా విని, "నన్ను పిలిచారా?" అన్నాడు.

"పదకొండుసార్లు ఫిర్యాదు చేసిన మనిషిని పిలవరా?"

"రేపు పదిన్నరకి వెళ్దాం. ఆఫీసు వేళ."

పొద్దున కోటు, మెడకి మఫ్లరు, చేతిలో ఫైలు. ఫైల్లో దారం నుంచి తీసిన అసలు నమూనా. పోస్టాఫీసు పక్కనుంచి స్టేషన్ రోడ్డు మీదుగా ఇద్దరం నడిచాం. దారంతా నేనేమీ మాట్లాడలేదు. నేను మాట్లాడకపోవడం మా ఇంట్లో వార్త.

దుర్గేష్ కుర్చీ వేయించాడు. "పెద్దసార్, మీరు నిజంగ ఈమె మాటలకి బాధపడ్డరా? లేకుంటే ఊకెనే నమూనా కోసం రాసిన్రా?"

నమూనా కోసమే అని ఒక్క మాట అంటే అయిపోతుంది. నేను ఆయన వైపు చూశాను.

"బాధపడ్డాను" అన్నాడు. "అధికారికి ఇచ్చే కాగితంలో అబద్ధం రాయను."

బాలమల్లు మనిషొకడు గుమ్మంలో నిలబడి ఉన్నాడు, వెంటనే ఫోన్ తీశాడు.

"అయితే ఏం చర్య తీస్కోవాల్నంటరు?" అన్నాడు దుర్గేష్.

"అది రాశాను కదా. ఏడో గడి చూడండి."

దుర్గేష్ చూశాడు. నేనూ వంగి చూశాను. కోరే చర్య అన్న గడిలో, గుండ్రటి అక్షరాలతో: 'ఏమీ లేదు. సమాచార నిమిత్తం మాత్రమే.'

దుర్గేష్ కట్ట విప్పాడు. బుజ్జమ్మది తీశాడు. ఏమీ లేదు, సమాచార నిమిత్తం మాత్రమే. బిచ్చయ్యది. ఏమీ లేదు. రాజనర్సుది. సమాచార నిమిత్తం. నలభై ఒక్కటీ ఒక్కొక్కటే తిప్పాడు. ఠాణాలో అందరూ పని ఆపి చూస్తున్నారు. చివరిది తిప్పేసరికి అతని భుజాలు కదులుతున్నాయి.

"నలభై ఒక్కమందికి బాధైంది. ఒక్కరికి గూడ ఏమొద్దు" అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ. "నా సర్వీసుల గిట్లాంటి ఫిర్యాదుదార్లు దొరకలే పెద్దసార్."

"మరి డెబ్బై ఆరువాళ్ళు ఏం కోరారు?" అన్నాను.

"పన్నెండుమంది ఉరితియ్యమన్నరు. ముప్పైమంది మోరీ సాఫ్ చేయించమన్నరు. మిగిలినోళ్ళు గడి ఖాళీగ వదిలిన్రు."

మామగారికి ఆ ఖాళీ గళ్ళ సంగతి నచ్చలేదు, ముఖం చిట్లించాడు. "బాధపడటం నా హక్కు. అనడం ఆమె హక్కు. మధ్యలో మీకేమీ పని లేదు బాబూ" అని లేచాడు.

బోర్డు మాత్రం ఎన్నికలయ్యాకే ఇస్తామన్నారు. పైవాళ్ళని అడగాలట.

వస్తూ స్టేషన్ ఎదురుగా ఇరానీ హోటల్లో కూర్చున్నాం. పాతికేళ్ళలో మామగారూ నేనూ ఇద్దరమే బయట చాయ్ తాగడం అదే మొదటిసారి.

"ఏ మాటకి బాధపడ్డారు?" అన్నాను.

"గుమాస్తాకి వెన్నెముక లేదన్నావు."

"మిమ్మల్ని కాదు."

"తెలుసు. నన్నని ఉంటే అంత బాధ ఉండేది కాదు." చాయ్ సాసర్లో పోసుకున్నాడు. "ఎనభై ఎనిమిదిలో ఒక ఫైలు వచ్చింది. మంత్రిగారు సరేనన్నారు, కార్యదర్శి సరేనన్నారు. కింద నా సంతకం కావాలి. నేను 'చూచితిని, ఏకీభవించను' అని రాశాను. అంతే, రెండు మాటలు. మర్నాడు రికార్డు రూములో వేశారు. తొమ్మిదేళ్ళు."

"మాకెప్పుడూ చెప్పలేదే."

"చెప్పుకోడానికేముంది. నీ రాతకి నీకు జనం నవ్వులు దొరికాయి. నా రాతకి నాకు ఎలకలు దొరికాయి."

"ఏ ఫైలది?"

ఆయన నన్ను చాలా ఆశ్చర్యంగా చూశాడు. "అది చెప్పకూడదమ్మా. రహస్య పత్రం."

నేను క్షమాపణలు చెప్పే మనిషిని కాదు. ప్లేట్లో ఒకటే ఉస్మానియా బిస్కట్ మిగిలింది. ఆయన సాసర్లో పెట్టాను.

ఆ సాయంత్రం హైందవి ఎర్నెస్ట్ పక్కన స్టూలేసుకుని ఒక తెల్లకాగితం మీద రాసింది. ఫారం లేదు, గళ్ళు లేవు. అతను చెప్పింది చెప్పినట్టు. ఫలానా తేదీ పొద్దున నా షటర్ మీద ఖాళీ చెయ్ అని రాశారు. ఆ రాత చూసినవాళ్ళు వీరు. ఆ రోజునుంచి నా భార్య ఈ గల్లీలోకి రావట్లేదు. ఆమె రాగలిగేట్టు చూడండి. మొత్తం ఆరు లైన్లు. ఎర్నెస్ట్ తన స్టాంపు తనే కొట్టాడు. మనోభావం అన్న మాట ఒక్కచోట కూడా లేదు. చదివి ఒక్క అక్షరం దిద్దకుండా తిరిగిచ్చాను, హైందవి అది చూసి మహా సంతోషపడింది.

దుర్గేష్ దాన్ని కేసుగా రాశాడు. ఎదురు మెడికల్ షాపు కెమెరాలో ఇద్దరు దొరికారు, బాలమల్లు జీపులో తిరిగేవాళ్ళే. కేసు మా కోర్టులోనే నడుస్తోంది, ఇంకా నడుస్తుంది. తొందర వాళ్ళకి లేకపోయినా నాకుంది.

బిల్లు మీద మా అభిప్రాయం కూడా పంపాం, తల్లీకూతుళ్ళం కొట్టుకుంటూ రాసిన రెండు పేజీలు. చట్టం కావాలి అన్నది నాది. షటర్ మీద రాసినవాడికి కావాలి, బోర్డు మీద రాసినదానికి వద్దు అన్నది ఇద్దరిదీ. మొదలగునవి అనే మాట ఎక్కడ కనిపించినా కొట్టేయాలన్నది హైందవిది. నేను ఒప్పుకున్నాను. నమూనా కూడా జతచేశాం. పైన ఎవరైనా చదువుతారా అంటే నాకు నమ్మకం లేదు. అయినా రిజిస్టర్డ్ పోస్టులో పంపాను, పెద్ద పోస్టాఫీసు ఇంటి ముందే ఉంది కదా.

బాలమల్లు గెలిచాడు. అబద్ధం ఎందుకు చెప్పాలి.

ఫలితాలు వచ్చిన మర్నాడు కానిస్టేబుళ్ళు బోర్డు తెచ్చి దాని చోట పెట్టి వెళ్ళారు. పసుపు గోడ కనపడకుండా పోయింది. గుడ్డతో తుడిచి, కొత్త సుద్దతో రాశాను. 'కొత్త కార్పొరేటర్ వచ్చాడు. పక్క షటర్ మీద రంగు ఇంకా పోలేదు.'

పదిగంటలకి మామగారు వాకింగ్ నుంచి వస్తూ ఆగాడు. చదివాడు. షటర్ దగ్గరికెళ్ళి కళ్ళజోడు పైకెత్తి చూశాడు. వచ్చి, నా బల్ల మీది సుద్దముక్క తీసుకుని, నా వాక్యం కింద చిన్న అక్షరాలతో రాశాడు. 'చూచితిని. ఏకీభవించను. రా.కృ.మూ.'

నా చెయ్యి గుడ్డ మీదికి వెళ్ళింది. ఆగింది.

"ఎందుకు ఏకీభవించరు?"

"రంగు సగానికి పైగా పోయింది. వాస్తవం రాయాలి."

అప్పుడే బాలమల్లు పూలదండతో దిగాడు, స్టాంపు కోసం. బోర్డు చదివి ముఖం మాడ్చుకున్నాడు, కింది లైను చూసి వెలిగిపోయాడు. "సూడు నాగవల్లమ్మా. పెద్దమనిషి నా దిక్కున్నడు."

"మీ దిక్కు కాదు బాబూ" అన్నాడు మామగారు. "రేపు మీరేమైనా రాస్తే దాని కింద కూడా రాస్తాను."

ఎర్నెస్ట్ సొరుగు లాగి మూడు స్టాంపులూ బల్ల మీద వరసగా పెట్టాడు. "ఏ పార్టీది కావాలె కార్పొరేటర్ సాబ్?" అన్నాడు చాలా వినయంగా. బాలమల్లు కొత్తది తీసుకుని, సగం ఎర్రగా ఉన్న షటర్ వైపు చూడకుండా జీపెక్కాడు.

అప్పటినుంచి బోర్డు మీద రోజూ రెండు చేతిరాతలు. పొద్దున నాది, పదిగంటలకి ఆయనది. కొన్నిసార్లు చూచితిని అని మాత్రం ఉంటుంది, అప్పుడు నాకు ఏదో పోయినట్టుంటుంది. ఎర్నెస్ట్ ఆయనకి 'చూచితిని, ఏకీభవించను' అని ఒక స్టాంపు చేసి కానుకగా ఇచ్చాడు. మామగారు దాన్ని జేబులో పెట్టుకున్నాడు గానీ వాడడు. ముద్ర కొడితే చదవకుండా కొట్టాడనుకుంటారట.

ఫిబ్రవరి చివర, ఒక బుధవారం, ఒంటిగంటకి నేను తల దించుకుని సేల్ డీడ్ కొడుతున్నాను. నా పక్కన స్టూలు కీచుమంది. టిఫిన్ డబ్బా బల్ల మీద పెట్టిన చప్పుడు.

ఎమిలీ బోర్డు పైలైను చదివింది, కింది లైను చదివింది.

"ఇయ్యాల నేను మీ మామ దిక్కు అక్కా" అంది. "జర జరుగు, ఎండ కొడుతుంది."

జరిగాను.